ఏడవని పిల్ల

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ ఎక్కడో ఒక చోట జారిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఈ కాసిని కాగితాలు నింపడానికి వానాకాలమంతా పట్టింది. ఇంత నిదానానికి ఒక కారణం ఉంది. కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

*

సోమవారం ఆస్పత్రి బట్టల గదికి మూటలు ఎక్కువ వస్తాయి. ఆదివారం బాయిలరుకి సెలవు కాబట్టి రెండు రోజుల మురికి ఒక్కసారే మెట్లు దిగుతుంది. ఆ రోజు పదకొండు మూటలు. ఆవిరక్క చేతులు తుడుచుకుని మొదటి మూట ముడి విప్పింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గదిలో పని చేసి చేసి ఆమె మొహం ఎప్పుడు చూసినా అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు తడితడిగా ఉంటుంది. ఆ పేరు అందుకే పడింది. అసలు పేరు జీతం కాగితంలో ఒక్కచోటే ఉంది. అదైనా ఆమె చదవలేదు, పక్కన వేలిముద్ర వేస్తుంది.

బట్టల్ని ఆమె రంగును బట్టి వేరు చేస్తుంది. ప్రతి గుడ్డ మూలనా ఒక దారం కుట్టు ఉంటుంది. ఎర్ర దారం ఆపరేషను గదిది. నీలం మగవాళ్ల వార్డుది, ఆకుపచ్చ ఆడవాళ్లది. పసుపు దారం మూడో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలది. ఆ కుట్లన్నీ ఆమె వేసినవే. పాత దుప్పట్లలో మెత్తబడ్డ చోటు చూసి కోసి, నాలుగంచులూ మడిచి కుట్టిన చిన్న చిన్న ముక్కలు ఆ పిల్లలవి. అరచెయ్యి పరిస్తే దాగిపోయేంత గుడ్డలు. వాటిని దేనితోనూ కలపదు. విడిగా నానబెట్టి, విడిగా మరిగించి, విడి తాడు మీద ఆరేస్తుంది.

కొన్ని గుడ్డలకి నర్సులు తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద ఏదో రాసి పంపుతారు. మంచం నంబరో, చిరుగో, మరకో. ఆమెకి దానితో పని లేదు. ప్లాస్టరుతో సహా మరిగిస్తే జిగురు కరిగి మిగతా బట్టలకి పట్టేస్తుంది. అందుకని ముందే గోటితో లేపి, పీకి, బాయిలరు వెనక గోడకి అంటిస్తుంది. ఏళ్ల తరబడి అంటించిన ముక్కలు ఆ గోడంతా పొలుసుల్లా కమ్ముకున్నాయి.

"ఏమ్మాయ్, నీ గోడ పేపర్లో ఇవాళ వార్తలేంటి?" అన్నాడు ఇస్త్రీ బాబాయి, బల్ల అవతల నుంచి. డెబ్భై దాటినా ఆయన చెయ్యి వణకదు, నోరు ఆగదు.

"నువ్వే చదివి చెప్పు బాబాయ్. కళ్లజోడు నీకుందిగా."

"ఇంట్లో పెట్టొచ్చా. ఇక్కడ కళ్లు పెట్టి చూడాల్సింది ఏముంది కనక? నువ్వూ నేనేగా."

"నన్ను చూడకపోతే పోనీ, ఆ దుప్పటి చూసుకో. మాడిపోతోంది."

ఆయన గభాలున ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. ఏమీ మాడలేదు. ఆవిరక్క నవ్వుతూ అయిదో మూట విప్పింది.

ఆ మూటలో, మడతలు పడ్డ ఒక పెద్ద దుప్పటి లోపల, పసుపు దారం గుడ్డ ఒకటి అతుక్కుని ఉంది. దాని మీద ప్లాస్టరు. గుడ్డ మధ్యలో పసుప్పచ్చగా ఎండిన మరక, అట్ట కట్టినట్టు గట్టిగా ఉంది. ఆమె అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండిన పాల వాసన, కొంచెం చెమట వాసన. పాపం ఏ పసిగుడ్డో పాలు కక్కినట్టుంది అనుకుంది. ప్లాస్టరు పీకి గోడకి అంటించింది. మరక మొండిదని తెలిసి గోరువెచ్చటి నీళ్లలో విడిగా నానబెట్టింది. అరగంట అయ్యాక సబ్బు రాసి, రెండు పిడికిళ్ల మధ్య పెట్టి మెల్లగా నలిపింది. మరక కాస్త మిగిలిందని మళ్లీ సబ్బు రాసింది. తర్వాత రెండు సార్లు మరిగించింది. ఆరాక వెలుతురుకి ఎత్తి చూస్తే పాల నురగలా తెల్లగా ఉంది.

ఆ రోజు మొత్తంలో ఆమె అంత శ్రద్ధగా ఉతికిన గుడ్డ ఇంకొకటి లేదు.

*

మంగళవారం పొద్దున పెద్ద సిస్టరు స్వయంగా మెట్లు దిగి బట్టల గదికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ అలా రాదు. ఏదన్నా కావాలంటే పై నుంచి కేకేస్తుంది, ఆ కేకకి బాయిలరు కూడా సద్దుమణుగుతుందని బాబాయి అంటూ ఉంటాడు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆవిరక్కా, మా వార్డు గుడ్డ ఒకటి కనపడటం లేదు. ఉతకనిది. నీ దగ్గరికేమన్నా వచ్చిందా?"

"మీ గుడ్డలన్నీ ఇవే కదమ్మా. నిన్న వచ్చినవన్నీ ఉతికేశా."

పసుపు దారం గుడ్డల దొంతర బల్ల మీద ఉంది. నలభై ముక్కలు, ఒకే కొలత, ఒకే తెలుపు. పెద్ద సిస్టరు ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది. పది చూసింది, పదిహేను చూసింది. తర్వాత ఆపేసింది.

"అన్నీ సబ్బు వాసనే."

"ఏమైందమ్మా?"

"రొట్టెల బట్టీ అతని పెళ్లాం లేదూ, మొన్న శుక్రవారం పోయింది. ఏడో నెలలోనే కాన్పయింది. ఆవిడ కింద వార్డులో, బాబు పైన అద్దాల పెట్టెలో. ఆవిడ లేవలేదు, వాణ్ని కిందికి తేలేం. అందుకని నీ గుడ్డలే రెండు తీసుకుని ఒకటి ఆవిడ రొమ్ము మీద పెట్టేదాన్ని, ఒకటి వాడి బుగ్గ కింద. పొద్దున, సాయంత్రం అటుదిటు, ఇటుదటు మార్చేదాన్ని. ఆవిడ వాసన తగిలితే చాలు, వాడు మూతి అటు తిప్పి పడుకునేవాడు. ఆవిడ పోయాక ఆఖరి గుడ్డ మార్చకుండా వాడి బుగ్గ కిందే ఉంచా. పెట్టె మీద కప్పే దుప్పటి మార్చేటప్పుడు దాంతో పాటు వచ్చేసినట్టుంది." సిస్టరు నుదురు రుద్దుకుంది. "ప్లాస్టరు వేసి రాశాను కూడా. చూడకుండా ఎవరూ ఉతకరులే. పైనే ఎక్కడో పడుంటుంది."

ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది.

బాయిలరు వెనక గోడ మీద పాత ముక్కలన్నీ ఆవిరికి మాసి గోధుమరంగుకి వచ్చేశాయి. నిన్నటిది ఒక్కటే తెల్లగా ఉంది. ఆమె దాన్ని లేపి, జిగురు పోకుండా తన రవిక భుజానికి లోపలి వైపు అంటించుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కూతురు అప్పటికే వచ్చి, బియ్యం కడుగుతోంది. బస్టాండులో టిక్కెట్లు ఇచ్చే కిటికీ దగ్గర ఉద్యోగం. పనిలో ఒక్క మాట పడని మనిషి. ఎవరితోనూ గొడవ పడదు, ఎవరినీ ఏదీ అడగదు. జ్వరం వస్తే తగ్గాక చెబుతుంది.

"తల్లీ, ఇందులో ఏం రాసుందో చూడు."

కూతురు చెయ్యి తుడుచుకుని ప్లాస్టరు ముక్కని దీపం దగ్గరికి పట్టుకుంది.

"ఉతకవద్దు. తల్లి వాసన."

"అంతేనా?"

"అంతే."

కూతురు ముక్కని తిరిగి ఇచ్చేసి బియ్యం దగ్గరికి వెళ్లింది. ఎవరిదని అడగలేదు, ఎందుకు తెచ్చావని అడగలేదు. ఆ పిల్ల దేనికీ రెండో ప్రశ్న వెయ్యదు.

*

బుధవారం ఉతికిన గుడ్డల్ని ఆవిరక్క తానే మూడో అంతస్తుకి మోసుకెళ్లింది. మామూలుగా అయితే ఆ వార్డు ఆయా దిగి వచ్చి తీసుకెళ్తుంది.

వరండా మలుపు తిరగక ముందే ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు కాదు. గొంతుకి అంత బలం ఎక్కడిది, తలుపు కిర్రుమన్నట్టు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. పెద్ద అద్దం బయట ఒకతను నిలబడి ఉన్నాడు. ముంజేతుల మీద పొడుగ్గా కాలిన మచ్చలు, చెవి వెనక పిండి. బట్టీ పని పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టి రోజూ ఈ వేళకి వస్తాడట. అద్దానికి చెయ్యి ఆనించడు. అద్దానికి మూరెడు దూరంలో, ఎవరైనా పొమ్మంటే పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడతాడు.

పెద్ద సిస్టరు తలుపు తీసుకుని వచ్చింది.

"నిన్నటి నుంచీ చెబుతున్నా. లోపలికి రా నాయనా. చొక్కా తీసి, వాణ్ని నీ రొమ్ముకి ఆనించుకుని కూర్చో. ఒక గంట. నేను పక్కనే ఉంటా."

"నా చేతులు చూశారా అమ్మా? ఇవి బట్టీలో పెట్టే చేతులు. వాడు పిడికెడంత లేడు."

"పిడికెడంత కాబట్టే చెబుతున్నా. ఎవరో ఒకరి ఒళ్లు తెలియాలి వాడికి."

"వాళ్లమ్మ గుడ్డ ఉందిగా. అది చాలన్నారుగా మీరు." అతను అద్దం వంక చూడకుండా అన్నాడు. "వాడి మొహం అంతా దానిదే. నేను చూడలేను."

పెద్ద సిస్టరు ఏదో చెప్పబోయి మానేసింది. గుడ్డ పోయిన సంగతి అతనికి ఇంకా తెలియదు. ఆవిరక్క దొంతర దించి, ఒకటికి రెండు సార్లు అంచులు సరిచేసి, మెట్లు దిగి వచ్చేసింది. కిందికి వచ్చినా ఆ కిర్రుమనే ఏడుపు చెవిలో ఉంది. ఇస్త్రీ పెట్టె చప్పుడులో వినిపించింది, నీళ్లు మరిగే చప్పుడులో వినిపించింది.

"ఏంటమ్మాయ్, ఇవాళ నా మీద ఒక్క విసురూ లేదు? ఒంట్లో బాలేదా?" అన్నాడు బాబాయి.

"బానే ఉన్నా బాబాయ్."

"బానే ఉన్నవాళ్లు దుప్పటిని తలకిందులుగా మడతపెట్టరు."

*

గురువారం వరండా మలుపు దగ్గర ఆమె ఆగి చెవి ఒగ్గింది. చప్పుడు లేదు. గబగబా నడిచి అద్దంలోంచి చూసింది. అద్దాల పెట్టెలో పిడికెడు బాబు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వార్డులో అందరూ వాణ్ని ఇప్పుడు అలాగే పిలుస్తున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. పైకప్పు వంక చూస్తున్నాడు.

పెద్ద సిస్టరు గొట్టంలోంచి పాలు ఎక్కించి బయటికి వచ్చింది.

"సర్దుకున్నాడమ్మా," అంది ఆవిరక్క. మాట ఉత్సాహంగా వచ్చింది. "ఏడుపు మానేశాడు. బుద్ధిమంతుడు."

పెద్ద సిస్టరు ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. అలసట మాత్రం ఉంది.

"సర్దుకోవడం కాదక్కా అది. నిన్న గోల చేస్తుంటే నాకు భయం లేదు. ఇవాళ భయంగా ఉంది. ఏడ్చే పిల్ల, ఎవరో వస్తారని ఏడుస్తుంది. ఎవరూ రారని తెలిశాక ఇంకెందుకు ఏడుస్తుంది?"

"ఇంత చిన్నవాడికి ఏం తెలుస్తుందమ్మా?"

"తెలిసేది ఇప్పుడే. మాటలు వచ్చాక నేర్చుకునేవి వేరు. ఇది ఇప్పుడే నేర్చుకుంటారు. మనం పిలిస్తే పలికేవాళ్లు ఉన్నారా, లేరా అన్నది."

"ఇలా ఉంటే... ఏమవుతాడు?"

"బతుకుతాడులే. బరువు పెరుగుతాడు. ఇంటికెళ్తాడు. అందరూ ఎంత మంచి పిల్లాడో అంటారు, ఎక్కడ పెడితే అక్కడ ఉంటాడని మెచ్చుకుంటారు. కానీ దెబ్బ తగిలినా పరుగెత్తుకొచ్చి ఎవరి ఒళ్లోనూ పడడు. ఎవరి మీదా వాలడు."

ఆవిరక్క అద్దం పట్టుకుంది.

బట్టల గదిలో, మూటలు విప్పే బల్ల కింద, ఒకప్పుడు ఒక బుట్ట ఉండేది. అందులో నలభై రోజుల ఆడపిల్ల. పిల్ల తండ్రి పోయిన నెలకే ఆమె పనిలో చేరింది. పిల్ల మొహం అచ్చం ఆయనదే. ఆ బుట్టలోకి వంగి చూడాలంటే ఆమెకి ఒళ్లు జలదరించేది. బల్ల మీద పని ఎప్పుడూ ఉండేది. ఇంకో మూట, ఇంకో మూట. పాల సీసాని మడతపెట్టిన గుడ్డకి ఆనించి పిల్ల నోట్లో పెట్టి లేచేది. మొదట్లో పిల్ల ఏడ్చేది. పది రోజులో, పదిహేను రోజులో ఏడ్చింది. తర్వాత మానేసింది. ఇస్త్రీ బాబాయి బల్ల కిందికి తొంగి చూసి, "ఎంత మంచి పిల్లే నీ కూతురు! ఉందో లేదో కూడా తెలియదు," అనేవాడు. ఆస్పత్రి అంతా అనేది. ఆమె కూడా గర్వంగా పదిమందికీ చెప్పుకుంది. మా పిల్ల ఏడవదండీ అని.

"అమ్మా," అంది ఆవిరక్క. "ఆ గుడ్డ నేనే ఉతికేశాను."

రవిక లోంచి ప్లాస్టరు ముక్క తీసి సిస్టరు చేతిలో పెట్టింది. "దీన్ని నేనే పీకాను. మొన్న మీరు అడిగినప్పుడు చెప్పలేకపోయా. చదవడం రాదమ్మా నాకు. రెండు సార్లు సబ్బు పెట్టి, రెండు సార్లు మరిగించాను."

పెద్ద సిస్టరు ఆ ముక్కని బోర్లించి, మళ్లీ తిప్పి చూసింది. తిడుతుందని ఆవిరక్క ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"రాసినా చదవలేనివాళ్లు ఉంటారని నాకు తట్టాలి," అంది చివరికి ఆవిడ. "అతను వచ్చే వేళయింది. చెప్పాలి. నువ్వు వెళ్లిపో, నేను చెబుతా."

"లేదమ్మా. నేను చెబుతా."

రొట్టెల బట్టీ అతను వరండా చివర కనిపించాడు. ఆవిరక్క వార్డు తలుపు బయట బల్ల మీద నిన్న తాను దించిన ఆ నలభై గుడ్డల దొంతరా ఎత్తుకుని వచ్చింది. అతని ముందు నిలబడి రెండు చేతులతో పట్టుకుంది.

"బాబూ, మీ ఆవిడ గుడ్డ ఇందులో ఒకటి. ఏదో నాకే తెలియదు. తెలియక ఉతికేశాను. ఆ వాసన ఇంక లేదు."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పై గుడ్డ తీసుకున్నాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని గాలి లోపలికి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తర్వాత దాన్ని ఎంతో జాగ్రత్తగా, మడత చెడకుండా, ఉన్నచోటే పెట్టాడు.

"మా బట్టీలో పిండి పొంగడానికి మీద గుడ్డ కప్పుతాం," అన్నాడు. గొంతు పెరగలేదు. "ఆ గుడ్డని మా నాన్న కాలం నుంచీ ఎప్పుడూ సబ్బు పెట్టి ఉతకలేదు. దులిపి ఆరేస్తాం అంతే. పిండిని లేపే గుణం ఆ గుడ్డలోనే ఉంటుంది. ఉతికితే పోతుంది. మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు అది."

ఆమె తల దించుకుంది.

"ఇంక వాడికి ఏం ఉంది?" అన్నాడు. ఆమెని అడగలేదు. పెద్ద సిస్టరుని కూడా కాదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది. లోపల అద్దాల పెట్టెలో బాబు అలాగే పైకప్పు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం కూతురు నేల మీద కూర్చుని చిరిగిన సంచికి కుట్టు వేసుకుంటోంది. ఆవిరక్క వెనకగా వెళ్లి కూతురి తల మీద చెయ్యి వేసింది. జుట్టు నిమిరింది. అలా ఎప్పుడూ చెయ్యలేదు కాబట్టి ఎంత బరువుగా నిమరాలో కూడా ఆమెకి తెలియలేదు. కూతురు సూది ఆపింది. కదలకుండా, మెడ నిటారుగా పెట్టి, అయ్యేదాకా ఆగింది.

"ఏం కావాలమ్మా?" అంది తర్వాత, మర్యాదగా.

"ఏం లేదు తల్లీ."

కూతురు తల ఊపి మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం మధ్యాహ్నం పై నుంచి కేక వినిపించింది. పెద్ద సిస్టరు ఎప్పుడూ వేసే కేకే.

"ఆవిరక్కా! వెచ్చటి దుప్పటి ఒకటి పట్రా! పరుగెత్తి రా!"

ఆవిరి గొట్టం మీద ఆరేసి ఉన్న దుప్పటిని ఆమె లాగి, వేడి పోకుండా పొట్టకి చుట్టుకుని, మూడంతస్తులూ ఎక్కింది. వార్డు తలుపు దగ్గర సిస్టరు ఆమె చేతులు మోచేతుల దాకా కడిగించి, గౌను తొడిగి లోపలికి లాగింది. ఆ గౌను మూల పసుపు దారం కుట్టు వేసింది ఆవిరక్కే. ఆ గదిలో అడుగు పెట్టడం మాత్రం అదే మొదటిసారి.

గోడ పక్క కుర్చీలో రొట్టెల బట్టీ అతను చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద వేడినీళ్ల ఎరుపు ఇంకా తగ్గలేదు. ఎంత రుద్దుకున్నా చెవి వెనక పిండి ఉండనే ఉంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగదీసి పెట్టుకున్నాడు, పళ్లు పీకించుకోవడానికి కూర్చున్నవాడిలా.

"రాత్రంతా పిండి మీద గుడ్డ వంక చూస్తూ కూర్చున్నా," అన్నాడు, ఆమెకేసి చూసి. "ఆ గుడ్డకి ఆ గుణం పుట్టుకతో వచ్చిందేమీ కాదు. ఒక రోజు అది కూడా కొత్తదే అయుంటుంది. రోజూ కప్పగా కప్పగా పట్టింది దానికి." ఆగాడు. "నాకు పట్టదేమో అని భయంగా ఉంది అక్కా."

ఆవిరక్క దుప్పటిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "కదలకుండా కూర్చో నాయనా," అంది.

పెద్ద సిస్టరు అద్దాల పెట్టె తెరిచింది. గొట్టం చెదరకుండా పిడికెడు బాబుని రెండు చేతులతో ఎత్తి, ఆ వెడల్పాటి రొమ్ము మీద బోర్లా పెట్టింది. ఆవిరక్క వెచ్చటి దుప్పటి ఇద్దరి మీదా కప్పింది. అంచులు లోపలికి దోపింది. రోజూ చేసే పనే కాబట్టి ఆమె చేతులు తడబడలేదు.

ఏమీ జరగలేదు. బాబు అలాగే ఉన్నాడు. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి పీల్చు," అంది సిస్టరు. "నీ ఊపిరే వాడికి ఊయల."

గోడ మీద గడియారం పది నిమిషాలు నడిచింది. పావుగంట నడిచింది. అతను కుర్చీ చేతి మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. ఆ కాలిన చెయ్యి దుప్పటి కిందికి వెళ్లి, బాబు వీపు మీద ఆగింది. వీపంతా ఆ అరచేతిలో దాగిపోయింది. పిండి ముద్దని చూసినట్టే, నొక్కకుండా, బరువు తెలియనివ్వకుండా పెట్టాడు. పసివాడి తల ఒక్కసారి కదిలింది. ముక్కు అటూ ఇటూ రాసుకుంది, ఏదో వెతుకుతున్నట్టు. వెతికింది దొరకలేదు. మొహం ముడుచుకుంది. కింది పెదవి వణికింది.

అప్పుడు ఏడ్చాడు.

బుధవారం నాటి కిర్రుమనే ఏడుపు కాదు. ఎర్రబడి, కాళ్లు తన్ని, వార్డులో మిగతా పిల్లలు కూడా ఉలిక్కిపడేలా ఏడ్చాడు. తండ్రి బెదిరిపోయి లేవబోయాడు.

"కూర్చో!" అంది పెద్ద సిస్టరు, కళ్లు తుడుచుకుంటూ. "నిన్నే పిలుస్తున్నాడు. పలుకు."

"ఏం పలకను అమ్మా?"

"నోటికి ఏది వస్తే అది."

అతను కిందికి వంగాడు. ఇంత దాకా చూడలేనన్న మొహం ఇప్పుడు గడ్డం కిందే ఉంది. "ఒరేయ్," అన్నాడు. "ఒరేయ్ నాన్నా. ఉన్నాను రా. అమ్మ లేదు రా. నేనున్నాను."

ఆవిరక్క వరండాలోకి వచ్చి, గోడకి ఆనుకుని, ఆ ఏడుపు ఆగేదాకా విన్నది. అది ఆగినప్పుడు, ఆగిన తీరు ఆమెకి తెలిసిపోయింది. ఒకరు వస్తే ఆగే ఏడుపు వేరు, ఎవరూ రాక ఆగే ఏడుపు వేరు. రెండోది ఆమె ఒకసారి విన్నది. విని, సంతోషించింది.

*

ఇంటికి వెళ్లాక కూతురికి అంతా చెప్పింది. గుడ్డ సంగతి, ప్లాస్టరు సంగతి, బాబు సంగతి. బల్ల కింది బుట్ట సంగతి కూడా చెప్పింది. సీసాని గుడ్డకి ఆనించి లేచిపోయేదాన్నని చెప్పింది. కూతురు వంట గట్టుకి ఆనుకుని, చేతులు కట్టుకుని విన్నది.

"నువ్వు ఏడ్చేదానివి కాదు తల్లీ."

"అందరూ చెబుతారుగా. మంచి పిల్లనట."

"మంచి పిల్లవై కాదు."

కూతురు కుండ మీద మూత సరిచేసింది. సరిగ్గానే ఉన్న మూతని ఇంకోసారి సరిచేసింది. ఏడుస్తుందేమోనని తల్లి చూసింది. ఏడవలేదు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లని ఎత్తి రొమ్ము మీద పెట్టుకోవడం ఎలాగో చెప్పే సిస్టరు ఎక్కడా లేదు.

"నాకు అక్షరాలు నేర్పుతావా?" అంది ఆవిరక్క. ఇంకేం అడగాలో తోచక అడిగింది.

"ఇప్పుడా? ఈ వయసులోనా?"

ఆ రెండో ప్రశ్నకి ఆవిరక్క ఉలిక్కిపడింది.

"ఇంకో ప్లాస్టరు పీకకుండా ఉండాలిగా."

కూతురు లోపలికి వెళ్లి, టిక్కెట్ల కట్ట వెనక అట్ట ఒకటి, పొట్టి పెన్సిలు ఒకటి తెచ్చింది. ఎదురుగా కూర్చుని ఒక అక్షరం రాసి చూపించింది. ఆవిరక్క పెన్సిలుని చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంది. గీత అడ్డదిడ్డంగా పోయింది. మళ్లీ రాసింది. మళ్లీ పోయింది.

"అలా కాదమ్మా," అంది కూతురు. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత లేచి, పక్కకి వచ్చి కూర్చుని, తల్లి చేతి మీద తన చెయ్యి వేసి గుండ్రంగా తిప్పింది.

కూతురి అరచెయ్యి అంత వెచ్చగా ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

*

పిడికెడు బాబు నలభై ఒకటో రోజున ఇంటికి వెళ్లాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. మోకాలు గీసుకుపోతే వీధి చివరి నుంచి ఏడ్చుకుంటూ బట్టీ దాకా పరుగెత్తుకొస్తాడట. ఇస్త్రీ బాబాయి పోయేముందు ఒకసారి చెప్పాడు, "వాడి గోలకి రొట్టెలు కూడా అణిగిపోతున్నాయమ్మాయ్," అని.

ఆ మొదటి అక్షరం నాకు నాలుగు రోజుల్లోనే వచ్చేసింది. మిగతావి కూడా అందరికీ పట్టేంత కాలమే పట్టింది. ఒత్తులు కూడా, నిజం చెప్పాలంటే, ఎప్పుడో వచ్చేశాయి. కానీ తప్పు రాస్తే కూతురు విసుక్కోకుండా పక్కకి వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంది. సరిగ్గా రాస్తే "బాగుందమ్మా" అని ఎదురుగానే కూర్చుంటుంది. అందుకని నాకు ఇంకా సరిగ్గా రావు.

ఇట్లు
ఆవిరక్క, అరవై ఏడేళ్లు. పని మానేసి నాలుగేళ్లయింది. ఉంటున్నది కూతురి ఇంటికి రెండు వీధుల అవతల, ఒంటి గదిలో. ఆదివారం సాయంత్రాలు ఒత్తులు దిద్దుకుంటాను.